జెర్సీ జోకి టాటానగర్ నుంచి శుభాకాంక్షలు

ఈ 2026 జులై 18తో జెర్సీ జో వాల్కాట్ ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయి సరిగ్గా 75 ఏళ్లు. 1951లో, పిట్స్‌బర్గ్‌లో, ఫోర్బ్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానంలో, 28 వేల పైచిలుకు జనం చూస్తుండగా ఆయన ఎజర్డ్ ఛార్లెస్‌ని ఏడో రౌండులో పడగొట్టాడు. అప్పటికి ఆయన వయసు 37. ఆ పట్టం కోసం బరిలోకి దిగడం అది అయిదోసారి. అంతకుముందు నాలుగుసార్లూ ఉత్త చేతులతో ఇంటికి పోయాడు. అంత పెద్ద వయసులో ఆ పట్టం పట్టినవాడు అప్పటిదాకా లేడు. ఆ తర్వాత మరో 43 ఏళ్ల దాకా కూడా లేడు.

ఎక్కడో న్యూజెర్సీవాడి అమృతోత్సవం మనమెందుకు చేసుకోవాలి అని మన జంషెడ్‌పూర్ సాక్చి బజారులో ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది. పిట్స్‌బర్గ్ మనకు పరాయి ఊరేం కాదు. 1902లో జంషెట్‌జీ టాటా ఉక్కు కర్మాగారం ఆలోచన వెంటేసుకుని అమెరికా వెళ్లినప్పుడు పిట్స్‌బర్గ్‌లో జూలియన్ కెనడీ అనే ఇంజనీరును కలిశారు. ఆయన చెప్పగానే న్యూయార్క్‌లో ఛార్లెస్ పేజ్ పెరిన్ అనే మరో ఇంజనీరు తలుపు తట్టారు. తర్వాత సాక్చి అడవిలో లేచిన కర్మాగారానికీ, దాన్ని అంటిపెట్టుకుని పుట్టిన ఊరికీ మొదటి ప్లాన్లు గీసింది ఆ కెనడీ కంపెనీయే. కీనన్ స్టేడియంలో క్రికెట్ చూసినవాళ్లకు చాలామందికి తెలియకపోవచ్చు గానీ, ఆ పేరు టాటా కంపెనీకి జనరల్ మేనేజరుగా ఉన్న ఒక అమెరికా దొరది. కాబట్టి వాళ్ల ఊరి ఉక్కుకూ మన ఊరి ఉక్కుకూ నూరేళ్ల పైబడిన చుట్టరికం ఉంది.

తెలుగువాళ్లకు ఇంకో చుట్టరికం కూడా ఉంది. పిట్స్‌బర్గ్ అంటే ఇప్పుడు మన పిల్లలకు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లో కొండవాలు మీదున్న వేంకటేశ్వరస్వామి గుడి. 1976 నుంచి అమెరికాలో ఉన్న మనవాళ్లకు అది చిన్న తిరుపతి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి ‘టాటా’లో దిగి, కంపెనీలో డ్యూటీ చేసుకుంటూ బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్న తరానికీ, ఆ గుడి కట్టుకున్న తరానికీ పెద్ద తేడా నాకు కనపడదు. పని ఎక్కడ దొరికితే అక్కడికి పోయారు, దేవుణ్ణి వెంట తీసుకుపోయారు. సరే, ఇక బరి దగ్గరికి వద్దాం.

వాల్కాట్ కథను సాధారణంగా ఎలా చెబుతారో అందరికీ తెలుసు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు, మళ్లీ లేచాడు, చివరికి గెలిచాడు, కాబట్టి పిల్లలారా మీరూ పట్టు వదలకండి అని బళ్లో ప్రార్థన వేళ చెప్పే కథల్లో అది చక్కగా ఇమిడిపోతుంది. నాకు ఆ చెప్పే తీరు మీద మొదటి నుంచీ అనుమానమే. ఎందుకంటే ఆయన పట్టుదలకు కొదవ ఎప్పుడూ లేదు, విద్యకూ కొదవ లేదు. పాతికేళ్లకే ఆయన చేతిలో ఆట ఉంది. లేనిది తిండి. వాల్కాట్ ఆలస్యంగా నేర్చుకున్నవాడు కాడు, ఆలస్యంగా అన్నం దొరికినవాడు. ఇవాళ ఆయన్ని పొగడాలంటే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

అసలు పేరు ఆర్నాల్డ్ రేమండ్ క్రీమ్. 1914 జనవరి 31న న్యూజెర్సీలో, కామ్డెన్ పట్టణం పక్కన పుట్టాడు. తండ్రి కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాడు. ఆ తండ్రికి బార్బడోస్ జో వాల్కాట్ అంటే ప్రాణం. ఆ పాత వాల్కాట్ ఎత్తు అయిదడుగుల చిల్లరే, అయినా 1901లో వెల్టర్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కొడుకు రింగులోకి దిగేటప్పుడు నాన్న ఆరాధించిన మనిషి పేరు పెట్టుకుని, ముందు తన రాష్ట్రం పేరు తగిలించుకున్నాడు. అంతకుముందే తండ్రి పోయాడు. చదువు ఆగిపోయింది. వెనక పెద్ద సంసారం, తల్లి, చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు. సూప్ ఫ్యాక్టరీలో కూలికి కుదిరాడు. 1930లో, 16 ఏళ్లకు, మొదటి పందెం ఆడాడు. మొదటి రౌండులోనే ఎదుటివాణ్ణి పడగొట్టినందుకు ఏడున్నర డాలర్లు ముట్టాయని చెబుతారు.

ఇక్కడి నుంచి పదిహేనేళ్లు చదువుతుంటే నాకు కోపం వస్తుంది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

ఫిలడెల్ఫియాలో జాక్ బ్లాక్‌బర్న్ అనే గురువు ఈ కుర్రవాణ్ణి చూసి పనికొస్తాడని చేరదీశాడు. బాక్సింగ్ ప్రపంచంలో అంతకు మించిన గురువు ఆ రోజుల్లో దొరకడు. బ్లాక్‌బర్న్‌కి షికాగో నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఒక కొత్త కుర్రాడికి పాఠం చెప్పాలి. వాల్కాట్‌ని కూడా వెంట తీసుకుపోదామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాల్కాట్‌కి టైఫాయిడ్. మంచం పట్టాడు. గురువు ఒక్కడే వెళ్లాడు. షికాగోలో ఆ కొత్త కుర్రాడి పేరు జో లూయిస్. తర్వాతి కథ ప్రపంచానికి తెలుసు, లూయిస్ 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్‌గా కూర్చున్నాడు. ఒకడి జ్వరం ఇంకొకడికి యుగం రాసిపెట్టింది అంటే మరీ నాటకీయంగా ఉంటుంది గానీ, బ్లాక్‌బర్న్ చేతిలో ఇద్దరూ ఒకే వ్యాయామశాలలో పెరిగి ఉంటే హెవీవెయిట్ చరిత్ర ఇంకోలా ఉండేదని నేను నమ్ముతాను.

జ్వరం తగ్గాక మళ్లీ పాత గొడవే. దొరికినప్పుడు పందెం, దొరకనప్పుడు కూలి. పోటీకి ముందు నెలల తరబడి సాధన చేయడం, మంచి మాంసం తినడం, మధ్యాహ్నం కాసేపు పడుకోవడం, ఇవన్నీ డబ్బున్న బాక్సర్లు చేసే పనులు. ఈయన పొద్దుట పనికి పోయి రాత్రి బరిలోకి దిగేవాడు. అందుకే ఆ కాలపు ఆయన రికార్డు చూస్తే విచిత్రంగా ఉంటుంది. మంచి మంచి వాళ్లను గెలిచిన మనిషే పక్కనే ఎవరి చేతిలోనో ఓడిపోయి ఉంటాడు. 1940లో ఏబ్ సైమన్ అనే కొండంత మనిషి చేతిలో ఆరో రౌండులో ఓడిపోయాక ఇక చాలనుకున్నాడు. తర్వాత నాలుగేళ్లలో రింగు ముఖం చూసింది బహు తక్కువ. యుద్ధకాలంలో కామ్డెన్ ఓడల యార్డులో పని చేశాడు. పెళ్లాం, ఆరుగురు పిల్లలు. ఒకప్పుడు వారానికి తొమ్మిదిన్నర డాలర్ల ప్రభుత్వ సాయం మీద ఇల్లు నడిచిందని ఆయనే తర్వాత చెప్పుకునేవాడు.

అప్పుడొచ్చాడు ఫెలిక్స్ బొకిచియో. ఇతను సాధువేం కాదు. కామ్డెన్‌లో జూదం వ్యాపారంలో తలపండినవాడు, పోలీసు దస్తావేజుల్లో పేరున్నవాడు. ఊళ్లో బాక్సింగ్ పోటీలు మొదలుపెడదామని వాల్కాట్ ఇంటికొచ్చి మళ్లీ ఆడమని అడిగాడు. వాల్కాట్ ఒప్పుకోలేదు. అన్నేళ్లు ఆడి ఏం మిగిలిందో చూడమని ఇంట్లో బొగ్గు తొట్టి వైపు చూపించాడట. చలికాలం, తొట్టి ఖాళీ. బొకిచియో ఏమీ వాదించకుండా వెళ్లిపోయి, ఆ ఇంటికి బొగ్గు తోలించాడు. వెనకాలే తిండి సామాను. ఈ కథలో ఎంత నిజమో, ఎంత పత్రికలవాళ్లు చేర్చిన మసాలాయో తూకం వేయడం కష్టం. కానీ తర్వాత జరిగినదాంట్లో మసాలా లేదు, అది రికార్డు పుస్తకాల్లో ఉంది. పొయ్యి వెలిగిన ఏడాది నుంచే ఆ మనిషి వేరే మనిషైపోయాడు. 1945లో జో బాక్సీని గెలిచాడు. 1946లో జిమ్మీ బివిన్స్‌ని గెలిచాడు. ఆ ఏడాదే ఎల్మర్ రే చేతిలో, జోయీ మాక్సిం చేతిలో ఓడిపోయాడు గానీ మరుసటి ఏడు ఇద్దరికీ బాకీ తీర్చేశాడు. వయసు 31 నుంచి 33కి పోతోంది. మిగతా బాక్సర్లు దిగిపోయే మెట్ల మీద ఈయన ఎక్కుతున్నాడు.

ఝరియా బొగ్గుతో పొయ్యిలు వెలిగించుకున్న ఊరివాళ్లం కాబట్టి ఆ తొట్టి సంగతి మనకు ఒకరు విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మన కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పని పెట్టింది, 1915లో ఉచిత వైద్యం, 1920లో ప్రావిడెంట్ ఫండు. ఆటగాళ్లకు ఉద్యోగమిచ్చి, జీతమిచ్చి, సాధనకు వదిలే పద్ధతి ఈ ఊరికి కొత్త కాదు. మైదానంలో గెలిచినవాడికి దండ వేయడం అందరూ చేస్తారు, మైదానానికి రాకముందు వాడి ఇంట్లో బియ్యం ఉన్నాయా అని చూసే ఊళ్లు తక్కువ. బొకిచియో రాకముందు వాల్కాట్‌కి లేనిది సరిగ్గా ఇదే. ఆయనకు అది చివరికి ఒక జూదరి చేతి మీదుగా దొరకాల్సి రావడం సిగ్గుపడాల్సిన సంగతే, కాకపోతే సిగ్గుపడాల్సింది ఆయన కాదు.

ఇప్పుడు ఆయన విద్య గురించి. ఈ వ్యాసం రాయడానికి నాకు అసలు సరదా ఇక్కడే.

హెవీవెయిట్ అంటే బండ బలం అనుకునేవాళ్లు వాల్కాట్ పాత ఫిల్ములు చూడాలి. ఆయన బరిలో ఉన్నట్టుండి ఎదుటివాడికి దాదాపు వీపు చూపించి, చేతులు కిందికి వదిలేసి, ఏదో మరిచిపోయినవాడిలా పక్కకి నాలుగడుగులు నడిచిపోతాడు. మొదటిసారి చూసినప్పుడు ఈయనకేమైనా మతి పోయిందా అనిపిస్తుంది. మన చెడుగుడులో కూతకు వెళ్లినవాడు ఇక తిరిగి పోతున్నట్టు గీత వైపు మళ్లి, వెంటబడినవాణ్ణి వెనక్కాలితో తాకి పోతాడే, అచ్చం అదే కిటుకు. వాల్కాట్ అలా నడిచిపోతుంటే ఎదుటివాడి కాళ్లు తెలియకుండానే ఆయన వెంట కదులుతాయి. దూరం వాడే తగ్గిస్తాడు. ఈలోగా వాల్కాట్ బరువంతా వెనక కాలి మీదికి చేరి, నడుము ఒక పక్కకి మెలితిరిగి ఉంటుంది. మెలి విడిచీ విడవగానే కుడిచెయ్యి వస్తుంది. దెబ్బలో ఆయన బలం సగమే, మిగతా సగం ఎదురొచ్చినవాడిది.

ఇందులో ఇంకో సుగుణముంది. వయసు మీద పడేకొద్దీ బాక్సర్‌కి ముందు పోయేది కాళ్ల వేగం, తర్వాత చూపుకీ చేతికీ మధ్య ఉండే చురుకు. గుద్దులో బరువు మాత్రం అన్నిటికన్నా ఆఖరున పోతుంది. అందుకే హెవీవెయిట్లలోనే ముదురు వయసు ఛాంపియన్లు కనిపిస్తారు, తేలిక బరువుల్లో అరుదు. వాల్కాట్ ఈ లెక్కను బాగా చదువుకున్నాడు. పరుగు లేకుండా నడకతో, గుద్దుల సంఖ్యతో పని లేకుండా అవి పడే చోటుతో ఆడడం అలవాటు చేసుకున్నాడు. ఎంతకాలం ఆడాడో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. 1936లో ఫిలడెల్ఫియాలో ఫిల్ జాన్సన్ అనే ఆయన్ని మూడో రౌండులో ఓడించాడు. 1950లో అదే ఊళ్లో హెరాల్డ్ జాన్సన్‌ని మూడో రౌండులోనే ఓడించాడు. ఆ హెరాల్డ్ ఈ ఫిల్ కొడుకు.

పట్టం పోటీల్లో ఆ నాలుగు ఓటముల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఒక్కదాని దగ్గర తప్ప. ఆ ఒక్కటి 1947 డిసెంబర్ 5, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఎదురుగా జో లూయిస్. పందేలు పదికి ఒకటి, వాల్కాట్ వైపు ఎవరూ లేరు. మొదటి రౌండులోనే లూయిస్ కింద పడ్డాడు. నాలుగో రౌండులో మళ్లీ పడ్డాడు. 15 రౌండ్లు అయ్యేసరికి లూయిస్ మొహం వాచిపోయి ఉంది, తీర్పు వినకుండానే బరి దిగిపోబోయాడు. రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ వాల్కాట్ గెలిచాడన్నాడు. ఇద్దరు జడ్జీలు లూయిస్ అన్నారు. పట్టం లూయిస్ దగ్గరే ఉండిపోయింది. హాలంతా ఈలలు, కేకలు. లూయిస్ వచ్చి క్షమించమన్నాడని చెబుతారు.

అన్యాయమే. కానీ అందులో వాల్కాట్ కార్నర్‌కి కూడా భాగముందని నా అభిప్రాయం. గెలిచేశాం, ఇక దగ్గరికి పోవద్దు అని చివర్లో చెప్పారు, ఆయన ఆఖరి రౌండు దూరంగా తిరుగుతూ గడిపేశాడు. ఛాంపియన్ చేతిలో ఉన్న పట్టం లాక్కోవాలంటే ఆఖరి గంట దాకా లాగుతూనే ఉండాలి. జడ్జీల కంటికి తిరిగేవాడి కన్నా వెంటబడేవాడే ఆనతాడు. 1948 జూన్‌లో యాంకీ స్టేడియంలో మళ్లీ అదే లూయిస్. మూడో రౌండులో మళ్లీ పడగొట్టాడు, పదకొండో రౌండులో తానే పడిపోయాడు. లూయిస్ తప్పుకున్నాక 1949లో షికాగోలో ఛార్లెస్ చేతిలో, 1951 మార్చిలో డెట్రాయిట్‌లో మళ్లీ ఛార్లెస్ చేతిలో పాయింట్ల మీద ఓటమి. మధ్యలో రెక్స్ లేన్ అనే కుర్రాడి చేతిలో కూడా ఓడాడు. ఇంతయ్యాక అయిదు నెలలు తిరక్కుండానే మళ్లీ ఛార్లెస్‌తోనే పోటీ అంటే, ఈ ముసలాయన్ని ఇంకెన్నిసార్లు చూడాలని సణిగినవాళ్లు లేకపోలేదు.

ఎజర్డ్ ఛార్లెస్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పకపోతే ఈ పండగ అసంపూర్ణం. సిన్సినాటివాడు, వయసు 30, నిజానికి లైట్ హెవీవెయిట్ శరీరం, వేగం, నేర్పు రెండూ ఉన్నవాడు. అంతకుముందు ఏడాది జో లూయిస్‌నే పాయింట్ల మీద గెలిచాడు. ఆయన్ని జనం ప్రేమించలేదు, లూయిస్‌ని ఓడించడమే ఆయన నేరం. అలాంటి మనిషి ఎదురుగా వాల్కాట్ సుమారు 88 కిలోల బరువుతో, అయిదారు కిలోల మొగ్గుతో నిలబడ్డాడు. మొగ్గు అంతే. పందేలన్నీ ఛార్లెస్ వైపే.

ఆ రాత్రి వాల్కాట్ ముందు పోటీల్లోలా నడకలతో ఎక్కువ పొద్దు పుచ్చలేదు. ముందుకొచ్చి ఆడాడు. ఆరు రౌండ్లు అయ్యాయి. ఏడో రౌండు గంట మోగింది. ఇద్దరూ మధ్యలో కలుసుకున్నారు. వాల్కాట్ ఎడమ భుజం కాస్త కదిలింది, ఏదో పొట్టవైపు పోతున్నట్టు. ఛార్లెస్ చేతులు అంగుళం కిందికి దిగాయి. ఆ దిగిన సందులోంచి ఎడమచెయ్యి వచ్చింది. అది పూర్తిగా హుక్ కాదు, పూర్తిగా అప్పర్‌కట్ కాదు, పక్క నుంచి మొదలై పైకి లేచిన పొట్టి దెబ్బ. గట్టిగా చూస్తే ఒక మూర దూరం కూడా ప్రయాణించలేదు. గడ్డం మీద తగిలింది. ఛార్లెస్ వెనక్కి పడలేదు, మోకాళ్లు విరిగి ముందుకి, మొహం మీద పడ్డాడు. లెక్క నడుస్తుండగా లేవబోయాడు, మళ్లీ కూలిపోయాడు. రౌండు మొదలై నిమిషం కూడా కాలేదు. 21 ఏళ్ల వృత్తి ఆ 55 సెకన్లలో తేలింది.

హెవీవెయిట్ చరిత్రలో ఇంతకన్నా గట్టి దెబ్బలు ఉండొచ్చు. ఇంతకన్నా శుభ్రమైన దెబ్బ నాకు తెలిసి రెండో మూడో ఉంటాయి, అంతే.

పట్టం ఆయన దగ్గర 14 నెలలుంది. 1952 జూన్‌లో ఫిలడెల్ఫియాలో ఛార్లెస్‌నే మళ్లీ గెలిచి నిలబెట్టుకున్నాడు. సెప్టెంబర్ 23న అదే ఊళ్లో రాకీ మార్సియానో వచ్చాడు. మార్సియానో జీవితంలో మొదటిసారి కింద పడింది ఆ రాత్రే, మొదటి రౌండులో, వాల్కాట్ ఎడమచేతి దెబ్బకే. పన్నెండు రౌండ్లు అయ్యేసరికి ముగ్గురి లెక్కలోనూ వాల్కాటే ముందున్నాడు. పదమూడో రౌండులో మార్సియానో కుడిచెయ్యి తగిలింది, వాల్కాట్ తాడు మీద వాలి అలాగే జారిపోయాడు. 38 ఏళ్ల మనిషి, అప్పటిదాకా ఓటమెరుగని మార్సియానోతో పన్నెండు రౌండ్లు గెలుస్తూ వచ్చాడన్నది నా దృష్టిలో పిట్స్‌బర్గ్ గెలుపు కన్నా తక్కువదేం కాదు. మరుసటి ఏడు రెండో పోటీ మొదటి రౌండులోనే ముగిసింది. ఆ పైన చేతికట్లు విప్పేశాడు.

తర్వాతి జీవితం కూడా బాగుంది. హంఫ్రీ బోగార్ట్ ఆఖరి సినిమాలో, 1956లో, బాక్సింగ్ శిక్షకుడిగా వేషం కట్టాడు. 1965లో ముహమ్మద్ అలీ, లిస్టన్‌ల రెండో పోటీకి రిఫరీగా నిలబడి లెక్క పెట్టడంలో తికమకపడ్డాడు. ఆ రాత్రి ఆయనది కాదని ఒప్పుకోవాలి. కామ్డెన్‌లో దారితప్పిన కుర్రాళ్ల కోసం పనిచేశాడు. 1971లో కామ్డెన్ కౌంటీ షెరీఫ్‌గా ఎన్నికయ్యాడు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. ఒకప్పుడు వారం సాయం కోసం వరసలో నిలబడ్డ ఊళ్లోనే అది. 1975 నుంచి 1984 దాకా న్యూజెర్సీ బాక్సింగ్‌ని పర్యవేక్షించే కమిషన్‌కి అధ్యక్షుడు. 70 నిండాయి కాబట్టి నిబంధన ప్రకారం దిగిపోవాల్సి వచ్చింది. రిటైర్మెంట్ తేదీ కంపెనీ గోడ మీద రాసుకుని బతికే మన ఊరివాళ్లకు ఇది నవ్వు తెప్పించే సంగతి. 37కే ముసలాడన్న వాణ్ణి 70 దాకా ఇంటికి పంపలేకపోయారు.

మన దేశంలో ఆయనకు తమ్ముడి వరసయ్యేవాడు కౌర్ సింగ్. పంజాబ్‌లో సంగ్రూర్ జిల్లా ఖనాల్ ఖుర్ద్ రైతుబిడ్డ, సిక్కు రెజిమెంటు సైనికుడు. గ్లవ్స్ తొడిగే సరికే పాతికేళ్లు దాటాయి. మామూలుగా ఆ వయసులో ఎవరూ మొదలుపెట్టరు. సైన్యం తిండి పెట్టింది, పొద్దుటా సాయంత్రం సాధనకు సమయమిచ్చింది. 1980 జనవరిలో ఢిల్లీలో ముహమ్మద్ అలీతో ప్రదర్శన పోటీ ఆడాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 30 దాటిన వయసులో హెవీవెయిట్ బంగారు పతకం కొట్టాడు. అర్జున, పద్మశ్రీ వచ్చాయి. కానీ ఊరికి తిరిగొచ్చి వ్యవసాయం చేసుకుంటూ, ముసలితనంలో గుండె జబ్బుకి అప్పు చేశాడు. పతకం గెలిచినప్పుడు ఇస్తామన్న లక్ష రూపాయలు అందలేదని ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. 2023 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. బరిలో ఉన్నప్పుడు అన్నం పెట్టడం ఒక ఎత్తు, దిగిపోయాక పెట్టడం ఇంకో ఎత్తు. మనకు మొదటిది కాస్త అబ్బింది.

జంషెడ్‌పూర్‌లో బరువులూ గ్లవ్సూ లేని ఛాంపియన్ ఒకావిడ ఉన్నారు, ఆవిణ్ణి తలవకపోతే నన్ను ఊళ్లో తిరగనివ్వరు. ప్రేమలతా అగర్వాల్ గారు. మార్వాడీ ఇంటి కోడలు, ఇద్దరు ఆడపిల్లల తల్లి. కొండలెక్కడం మొదలుపెట్టిందే 35 దాటాక, దల్మా కొండ ఎక్కే పోటీతో. పర్వతారోహకురాలు బచేంద్రీ పాల్ గారి కంటబడ్డారు. 2011 మే 20న, 48 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కారు. 2013కల్లా ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తిచేసిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆవిడ వెనక కూడా ఒక సంస్థ, ఒక గురువు, ఇంట్లో ఒప్పుకున్న కుటుంబం ఉన్నాయి. నేను మొదట్నుంచీ చెబుతున్న బొగ్గు తొట్టి ఆవిడ కథలో నిండుగానే ఉంది, అందుకే ఏడుపు కథ కాకుండా హాయిగా చదువుకోగలం.

వాల్కాట్ 1994 ఫిబ్రవరి 25న, 80 ఏళ్ల వయసులో కామ్డెన్‌లో పోయాడు. బతికున్నన్నాళ్లూ పెద్ద వయసు ఛాంపియన్ రికార్డు ఆయనదే. అదే ఏడాది నవంబర్ 5న 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్ లాస్ వేగాస్‌లో మైకేల్ మూరర్‌ని పదో రౌండులో పడగొట్టి దాన్ని తీసుకుపోయాడు. ఎనిమిది నెలలు ఆగి తీసుకున్నాడు, మర్యాద తెలిసినవాడు. ఆ ఫోర్‌మన్ కూడా 2025లో వెళ్లిపోయాడు. ఫోర్బ్స్ ఫీల్డ్‌ని ఎప్పుడో 1970లలోనే పడగొట్టారు, ఒక గోడ ముక్క ఉంచారు. కామ్డెన్ నది ఒడ్డున ఇప్పుడు వాల్కాట్ విగ్రహం ఉంది.

కాబట్టి జోగారూ, సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే చోటున్న ఈ ఉక్కు ఊరి తెలుగువాళ్ల తరఫున మీ 75 ఏళ్ల గెలుపుకు శుభాకాంక్షలు. కదమాలోనో గోల్మురిలోనో జులై 18 సాయంత్రం వీలు కుదిరినవాళ్లు ఆ పోటీ ఫిల్ము పెట్టుకుని చూడండి, వెతికితే ఫోనులోనే దొరుకుతుంది. చూసేటప్పుడు చేతులు వదిలేసి ఆయన పాదాలు చూడండి. టీ మాత్రం ఆరో రౌండులోపే కలుపుకుని తెచ్చుకోవాలి, ఏడో రౌండులో లేచి వెళ్తే తిరిగొచ్చేసరికి అయిపోతుంది.